జల్లెడలో మిగిలినవి

వాన వెలిసింది.
పైకప్పు నీళ్లు తొట్టిలోకి జారే గొట్టానికి
నున్‌జియాత పాత మేజోడొకటి కట్టి ఉంచుతుంది.
విప్పి, తిరగేసి, జల్లెడలో దులిపితే
బూడిద నీళ్లతోపాటు పోతుంది.
నల్లగా నాలుగు గింజలు మిగుల్తాయి.
వాటిని చేపలు ఊరేసే ఉప్పుజాడీలో వేస్తుంది.
ఇప్పుడందులో చేపలూ లేవు, ఉప్పూ లేదు.
అడుగున ఉన్నవి ఆ ఏటివి.

స్ట్రాంబోలి దీవిలో, వెనకవైపు ఈ చిన్న రేవులో
కొండని పేరు పెట్టి పిలవరు.
‘ఇద్దు’ అంటారు. అంటే, ఆయన.
ఆయన దగ్గాడు.
ఆయనకివాళ మనసు బాగాలేదు.
పావుగంటకోసారి ఆయన గొంతు సవరించుకుంటే
ఆ లెక్కనే ఆమె వంట:
ఒక దగ్గుకి నీళ్లు మరగాలి,
మరో దగ్గుకి పాస్తా దింపాలి.

గది అద్దెకు తీసుకున్న లొడొవీకా
పీసా నుంచి సూక్ష్మదర్శిని తెచ్చుకుంది,
రేవు నుంచి ఇంటిదాకా గాడిద మీద.
“ఒక గింజ ఇస్తావా?” అంటే
నున్‌జియాత మోచేతిదాకా చెయ్యి పెట్టి
జాడీ అడుగునుంచి ఏరి ఇచ్చింది.
కాగితంకంటే పల్చగా అరగదీశాక చూస్తే
అడ్డంగా కోసిన ఉల్లిపాయ.
పొరమీద పొర.

లొడొవీకా చేతులు తిప్పుతూ చెప్పింది:
చాలా లోతులో, మీద పడ్డ బరువుకి
ఆవిరంతా రాతిరసంలో కరిగే ఉంటుంది,
ఉన్నట్టు కూడా తెలీదు.
రసం కాస్త పైకొచ్చి, బరువు కాస్త తగ్గితే చాలు,
సూదిమొనంత బుడగ.
అది పక్కదాన్ని మింగుతుంది. మింగినకొద్దీ వేగం.
గొంతు పట్టనంత లావై పైకొచ్చి పగిలితే
అదే నీ పాస్తా గడియారం.

గింజది వేరే దారి. తొందర లేదు.
చిక్కటి పాకంలో అణువు పక్కన అణువు
వరస వెతుక్కుని కూర్చుంటుంది.
బరువెక్కి దిగుతుంది.
దిగుతూ దిగుతూ ఒక బుడగ ఒంటికంటుకుంటే
ఈత రానివాడికి బెండు దొరికినట్టు
మళ్లీ పైకి.
ఊపిరి వదిలేసిన రసం కిందికి కుంగుతుంటే
కింద నుంచి కొత్తది, మరీ వేడిది, ఎగదన్నుతుంది.
ఆ తోపులాటలో గింజ అంచు కరుగుతుంది,
కరిగినచోటే ఇంకో పొర కడుతుంది.

నున్‌జియాత కన్ను అద్దానికే ఆనించి ఉంది.
“ఈ చివరిది? లేతగా ఉన్నది?”
“అది పెరగడానికి పదిహేను రోజులు పట్టుంటుంది.
కింద ఏదో వచ్చి చేరింది.
పైన ఎవరికీ తెలిసుండదు.”

పదిహేను రోజులు.

ఆయన మూడు గంటలు దగ్గని ఆ రాత్రి
ఊరంతా నిద్రలేచింది,
చప్పుడుకి కాదు, చప్పుడు లేక.
గిన్నెలో నీళ్లు ఇగిరిపోయాయి.
తర్వాత కొండంతా ఒక్కసారే.
ఒనోఫ్రియో పడవ విప్పడానికి రేవుకి దిగాడు.
ఎవరడిగినా ఆమె అంతవరకే చెబుతుంది.

అంతకుముందు పదిహేను రోజులూ
బల్లకి అటువైపు ఆయన మాట్లాడకుండా తిన్నాడు.
ఏమైందని ఆమె అడగలేదు.
కేపర్ మొగ్గలు ఉప్పులో వెయ్యాల్సిన రోజులు,
చేతినిండా పని.

లొడొవీకా ఇంకో గింజ పెట్టింది.
మధ్యలో గాజుచుక్క. ఆ చుక్కలో బుడగ.
“ఇది పైకి రాలేకపోయింది.
గింజ చుట్టూ పెరిగి మూసేసింది.
పగలగొడితే లోపలి గాలి కొలవొచ్చు.”

“వద్దు.”

కొండ దగ్గింది.
నున్‌జియాత లేచి పొయ్యిమీద నీళ్లు పెట్టింది.
ఉప్పు కోసం చెయ్యి పాత అలవాటున
జాడీలోకి పోయి,
గింజలు తగిలి, ఆగింది.